గుండీ గుర్తు దగ్గర ఆగాలి

ఫిబ్రవరి 26

గోడల్ని కరుచుకుని బతికే మా బల్లికి, నేలమీద నడిచే మామయ్య ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కవరు విప్పితే ముందు సుద్దపొడి రాలింది, తరవాత నువ్వు రాలావు. మీ అత్తయ్య తన కుట్టుమిషను మీద పడ్డ పొడిని దులుపుకుంటూ, "ఇది ఉత్తరం రాసిందా, పిండి జల్లించిందా?" అంది. పొద్దస్తమానం బట్టలమీద సుద్దతో గీతలు గీసే మనిషికి, పట్టు జారకుండా నువ్వు చేతులకి పూసుకునే సుద్దంటే ఎందుకంత చిరాకో! ఒకే వృత్తి వాళ్ళకి పడదు కాబోలు.

నువ్వు అడిగిన ప్రశ్నకి మీసం దువ్వుకున్నాను. మీసం లేదని గుర్తొచ్చి నవ్వుకున్నాను. "వేదిక మీద దారి తప్పితే ఏం చేస్తావు మామయ్యా?" అని అడిగావు. విను. వీణకి మెట్లుంటాయి, వేలు పెట్టాల్సిన చోటు కంటికి కనిపిస్తుంది. వయొలిన్ మెడ అలా కాదు, నున్నటి నల్లచెక్క. ఒక గీత లేదు, గంటు లేదు. వెంట్రుకవాసి జారితే హాల్లో మూడొందల మొహాలు చిట్లుతాయి. ఆలాపన మొదలుపెట్టేటప్పుడు ఎటు పోతానో నాకే తెలియదు. కళ్ళు మూసుకుంటాను. వేళ్ళు వాటి దారి అవి చూసుకుంటాయి. మధ్యలో దారి పోతుంది. పోనీ అనుకుని ఆగుతాను. అప్పుడు ఎక్కడినుంచో ఒక స్వరం వచ్చి చెయ్యి పట్టుకుంటుంది. అంతే. దీనికి చదువక్కర్లేదు. నేను ఎనిమిదో తరగతి రెండుసార్లు చదివాను, అయినా వస్తోంది.

నువ్వేమో ఒక్క గోడకి తాడు కట్టుకుని నెలల తరబడి వేలాడతావు. ఏ వేలు ఏ పగుల్లో, ఏ కాలు ఏ అంచుమీద అని రాసుకుంటావు. బట్టీ పడతావు. చివర్లో తాడు విప్పి ఎక్కేసి, స్వేచ్ఛ అంటావు. అది ఎక్కడం కాదే పిచ్చిదానా, ఎక్కాలు అప్పజెప్పడం.

ఉద్యోగానికి ఏడాది సెలవు పెట్టావట. నువ్వు లేక ఆ ఎత్తు మేడల అద్దాలు ఎవరు తుడుస్తున్నారు? లోపల ఆఫీసర్లకి ఎండ ఎలా కనిపిస్తోంది?

కళ్ళు మూసుకుని వాయించి, తెరిచాక తిట్లు తినే
మామయ్య

*

మార్చి 9

మామయ్యకి,

ఇక్కడ పొగమంచు మధ్యాహ్నం దాకా లేవదు. పొద్దున్నే తలుపు తీస్తే కొండ ఉండదు. టీకొట్టు ఉంటుంది, టీకొట్టు అక్క ఉంటుంది, ఆవిడ పొయ్యి పొగ, పాత టేపురికార్డరు పాట ఉంటాయి, ఆ తరవాత ఇక లోకం లేదు. నీళ్ళచుక్కలు రాతిమీద రాలే శబ్దం మాత్రం వినిపిస్తూ ఉంటుంది. ఒక లయ ఉందనుకుంటాను. లెక్కపెట్టబోయేసరికి మారిపోతుంది.

నీ ఉత్తరం ఆ మంచులో కూచుని నాలుగుసార్లు చదివాను. నువ్వు వెక్కిరించావు కానీ, అన్నది నిజం.

నాకు పదమూడేళ్ళప్పుడు నీ కచేరీకి తీసుకెళ్ళావు, గుర్తుందా? ఆలాపన మధ్యలో హఠాత్తుగా ఆగిపోయావు. చీకట్లో స్విచ్చి కోసం గోడ తడుముకునేవాడిలా తల అటూ ఇటూ ఊపావు. హాలంతా ఊపిరి బిగబట్టింది. నేను కుర్చీ చేతులు పట్టుకున్నాను. పడిపోతున్నావనుకున్నాను. అప్పుడు కళ్ళు మూసుకుని ఒక్కసారిగా పై స్వరం అందుకున్నావు. కింద ఏమీ లేని చోట నిలబడ్డావు. నేను ఎక్కడం మొదలుపెట్టింది కొండ చూసి కాదు మామయ్యా, ఆ క్షణం చూసి.

ఇక్కడ లోయ చివర ఒక గోడ ఉంది. దాన్ని నల్లపలక అంటారు. మూడొందల అడుగులు. ఇంతవరకు ఎవరూ ఎక్కలేదు, ఎక్కడ పట్టు దొరుకుతుందో ఎవరికీ తెలియదు. తడిసినప్పుడు నీ వయొలిన్ మెడలాగే మెరుస్తుంది. దాన్ని ఎక్కుతాను. ముందుగా తాకను. తాడు ఉండదు, రాసుకున్న కాగితం ఉండదు. ఏప్రిల్ ఇరవైకి గాలి తగ్గుతుందని అక్క చెప్పింది. ఆ రోజు.

ఇన్నాళ్ళూ ఎక్కాలు అప్పజెప్పాను. ఇప్పుడు నీలాగా ఒక్కసారి.

నీ బల్లి

*

మార్చి 15

బల్లీ,

ఆశీస్సులు తరవాత. ముందు తిట్లు.

నేను అన్నది వయొలిన్ గురించి. వయొలిన్ మీంచి జారిపడి కాళ్ళు విరగ్గొట్టుకున్నవాణ్ణి నువ్వెక్కడైనా చూశావా? నేను తప్పు స్వరం వేస్తే ముందు వరసలో పెద్దాయన దగ్గుతాడు, అంతే. ఆ దగ్గుకి, మూడొందల అడుగులకి సాపత్యం ఏమిటి? నేనేదో నోరుందని వాగాను. నా వాగుడు విని బాగుపడ్డవాళ్ళు మన వంశంలో ఎవరూ లేరు. మీ అమ్మని అడుగు.

రాత్రి ఒక కల. నేను వాయిస్తున్నాను, వయొలిన్ మెడ పెరుగుతోంది. భుజం దాటింది, హాలు పైకప్పు దాటింది, మబ్బుల్లోకి పోయింది. నా చెయ్యి అందడం లేదు. ఎక్కడో చివర తెల్లగా ఏదో పాకుతోంది. చూస్తే నువ్వు. తీగ పట్టుకుని పైకి పోతున్నావు. నేను కమాను కదిలిస్తే తీగ వణుకుతుంది, ఆపేస్తే నిద్రపోతావు, జారతావు. అలా కదపాలో ఆపాలో తెలియక నిలబడిపోయాను. మీ అత్తయ్య లేపి, "ఎవర్ని పట్టుకున్నావు, నా జడ వదులు" అంది.

తాడు కట్టుకోవే. ఏం పోయింది? బట్టీ పట్టడం తప్పేం కాదు. మంచి అలవాటు.

మామయ్య

*

మార్చి 24

మామయ్యకి,

బట్టీ మంచి అలవాటా! ఆ వాక్యం చదివి అక్క కొట్టు ముందే పగలబడి నవ్వాను. నన్ను పరీక్షిస్తున్నావని తెలుసు. వెనక్కి తగ్గుతానేమో అని చూస్తున్నావు. చిన్నప్పుడు కూడా ఇంతే, సైకిలు వెనకాల పట్టుకున్నానని చెప్పి వదిలేసేవాడివి.

తగ్గను. తాడు పక్కన ఉంటే మనసు దానిమీదకే పోతుందని, నిన్న అవతలి లోయ వాళ్ళకి ఇచ్చేశాను. ఇప్పుడు నా దగ్గర సుద్దసంచి, బూట్లు, రెండు చేతులు. ఎంత తేలికగా ఉందో! సాయంత్రం నల్లపలక ఎదురుగా బండమీద పడుకుని చూస్తాను. ముట్టుకోను. మబ్బు దానిమీంచి పోతుంటే గోడే నడుస్తున్నట్టుంటుంది. కళ్ళు మూసుకుంటే నీ ఆలాపన. ఎక్కడ ఆగావో అక్కడ గాలి కూడా ఆగుతుంది.

బల్లి

*

మార్చి 30

అమ్మా,

బల్లీ అనడం లేదు, చూశావా? అందుకే జాగ్రత్తగా చదువు.

నేను ఆలాపన అప్పటికప్పుడు వాయించను. ఎప్పుడూ వాయించలేదు. ముప్పై ఏళ్ళుగా ఒకటే వాయిస్తున్నాను. బట్టీ పట్టిందే.

పెళ్ళైన కొత్తలో నేను మేడమీద సాధన చేస్తుంటే మీ అత్తయ్య కింద మిషను తొక్కుతూ వినేది. నిజంగా అప్పుడు ఏదో ఒకటి కొత్తగా వచ్చేది. వందలో తొంభై చెత్త. బాగున్న ముక్క వినపడగానే మిషను ఆగేది. ఆమె కొలతల పుస్తకంలో ఎవరివో ఛాతీ, నడుము, చేతి పొడవుల పక్కన ఆ స్వరాలు రాసుకునేది. ఏడాదికి నలభై పేజీలయింది. ఆ ముక్కలన్నీ కత్తిరించి, కలిపి, ఇంకో కొలతల పుస్తకంలో వరసగా ఒక ఆలాపనగా కుట్టింది. మొదటిసారి వాయిస్తే అందరూ లేచి నిలబడ్డారు. రెండోసారి కొత్తది వాయించబోతే భయం వేసింది. మళ్ళీ అదే వాయించాను. మూడోసారి కూడా. ఊరు మారుస్తాను, శ్రుతి మారుస్తాను, అంగీ మారుస్తాను. కుట్టు అదే.

ఇంకా ఉంది. అతుకు పడ్డచోట వినేవాళ్ళకి తెలిసిపోతుందని మీ అత్తయ్య గుర్తులు పెట్టింది. గుండీ బొమ్మ ఉంటే ఆగాలి, దారి తప్పినట్టు తల ఊపాలి. కత్తెర బొమ్మ ఉంటే కళ్ళు మూసుకుని పై స్వరం పట్టాలి. నీ పదమూడో ఏట నువ్వు చూసింది అదే. ఒక గుండీ, ఒక కత్తెర. నేను పడబోలేదు. పడే చోటికి నేనెప్పుడూ పోలేదు.

నన్ను చూసి కొండ ఎక్కకు. నేను మెట్లమీదే నిలబడి ఉన్నాను.

మామయ్య

*

ఏప్రిల్ 8

దొంగ మామయ్యకి,

అబ్బ, ఎంత బాగా రాశావు! గుండీ, కత్తెర! ఆమధ్య వేళాకోళానికి చెవుడు వచ్చిందని ఉత్తరం రాశావే, నేను రెండు బస్సులు మారి ఏడుస్తూ వస్తే తలుపు తీసి, "నీ బస్సు మలుపు తిరిగినప్పుడే వినపడిందమ్మా" అన్నావు. దానికన్నా ఇది బాగుంది. అప్పుడు నీకు చెవులే పోయాయి, ఇప్పుడు ముప్పై ఏళ్ళ పేరే పోగొట్టుకుంటున్నావు. నామీద ఎంత ప్రేమ లేకపోతే అంత పెద్ద అబద్ధం ఆడతావు!

నవ్వాను కానీ కొంచెం కళ్ళు కూడా చెమర్చాయి. భయపడుతున్నావని తెలుస్తోంది. భయపడకు. నీకు వచ్చే స్వరం నాకూ వస్తుంది.

గాలి తగ్గుతోంది. రాయి ఆరుతోంది.

బల్లి

*

ఏప్రిల్ 13

అమ్మా,

ఆ చెవుడు వేళాకోళం చేసినందుకు నా చెంపలు నేనే వాయించుకున్నాను. రెండూ సమంగా.

నేనే బయలుదేరి వద్దామనుకున్నాను. మీ అత్తయ్య ఆపింది. "నీ మొహం చూస్తే అసలు నమ్మదు. అబద్ధం చెప్పడానికే పుట్టిన మొహం అది. నా పుస్తకం పంపు" అంది. పంపుతున్నాను. ముప్పై ఏళ్ళలో అది ఇల్లు దాటడం ఇదే మొదలు. దానితోపాటు ఒక కాసెట్టు. నీ పదమూడో ఏట జరిగిన కచేరీ. టీకొట్టులో టేపురికార్డరు ఉందన్నావుగా. కాసెట్టు పెట్టు, పుస్తకం తెరువు, వేలు పెట్టుకుని చూసుకుంటూ విను. నా మాట నమ్మొద్దు. నీ చెవిని నమ్ము.

మే నాలుగున నాకు కచేరీ ఉంది. పుస్తకం లేకపోయినా వేళ్ళకి అంతా వచ్చనుకో. అయినా అది ఇంట్లో లేదంటే ఒంటిమీద అంగీ లేనట్టుంది.

మామయ్య

అమ్మాయీ, మీ మామయ్య రాసింది నిజం. గుండీ దగ్గర తల రెండుసార్లే ఊపమన్నాను, అతిగా నాలుగుసార్లు ఊపుతాడు. ఎంత చెప్పినా వినడు. నువ్వు దిగిరా. అత్తయ్య.

*

ఏప్రిల్ 21

మామయ్యా,

నిన్న నేను ఎక్కలేదు. ముందు ఆ మాట చదివి ఊపిరి తీసుకో. మిగతాది నీకు ఊపిరి తీసుకోవాలనిపించేది కాదు.

పార్సిలు ఇరవయ్యో తారీకు పొద్దున్నే వచ్చింది. బూట్లు కట్టుకుని కూచున్నాను. అక్క టేపురికార్డరులో కాసెట్టు పెట్టింది. పుస్తకం మోకాళ్ళమీద తెరిచాను. "ఛాతీ ముప్పై నాలుగు, పొడవు నలభై" పక్కన నీ స్వరాలు. వేలు పెట్టుకుంటూ పోయాను. ఒక్కటీ తప్పలేదు. నువ్వు మూలుగుతావే, ఆ మూలుగు కూడా రాసి ఉంది. పదకొండో పేజీలో గుండీ వచ్చింది. కాసెట్టులో నువ్వు ఆగావు. ఎవరో దగ్గారు. కత్తెర వచ్చింది. పై స్వరం వచ్చింది. అక్క, "బాగా వాయించాడే" అంది. నేను ఆపేశాను.

పద్నాలుగేళ్ళు మామయ్యా. నా బతుకంతా ఒక గుండీమీద కట్టుకున్నాను.

ఇంకో సంగతి చెప్పాలి. చెప్పకూడదనుకున్నాను. పందొమ్మిదో తారీకునే నల్లపలక ముట్టుకున్నాను. రేపటిదాకా ఆగలేక, కొంచెం ఎక్కి వద్దామని. నలభై అడుగులు తేలిగ్గానే పోయింది. అక్కడ ఆగిపోయింది. పైన పట్టు లేదు. నువ్వు చెప్పినట్టే కళ్ళు మూసుకున్నాను. ఎదురుచూశాను. ఏదో వచ్చి చెయ్యి పట్టుకుంటుందని నిజంగా ఎదురుచూశాను. ఏదీ రాలేదు. మంచు వచ్చింది. నా చేతులు నాకు కనిపించడం మానేశాయి. పిక్కలు మిషను సూదిలా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. అప్పుడు కళ్ళు తెరిచి, ఒక కాలు కిందికి జార్చి, బొటనవేలితో వెతుక్కున్నాను. ఉందో లేదో తెలియని అంచు. దానిమీద కొంచెం బరువు. తరవాత ఇంకొంచెం. అలా ఒక్కొక్క అడుగూ దిగడానికి గంట పట్టింది. ఏ అడుగూ ముందు తెలిసింది కాదు. నేలమీద కాలు పెట్టాక కూడా నేల అని నమ్మలేదు, ఇంకా వెతుకుతూనే ఉన్నాను.

ఆ రోజు సాయంత్రం ఏమనుకున్నానో తెలుసా? నీకు వచ్చే స్వరం నాకు రాలేదు కాబట్టి లోపం నాదే అనుకున్నాను. అందుకే ఇరవైన మళ్ళీ బూట్లు కట్టుకున్నాను. ఈసారి దిగకూడదనుకున్నాను. పార్సిలు ఒక్క గంట ఆలస్యమై ఉంటే నువ్వు ఈ ఉత్తరం చదివేవాడివి కాదు.

నువ్వు నిజంగా ఒక్కసారైనా దారి తప్పేదాకా నాకు ఉత్తరం రాయకు. పుస్తకం నా దగ్గరే ఉంటుంది.

(సంతకం పెట్టాలనిపించలేదు.)

*

మే 6

అమ్మా,

రాయొద్దన్నావు. రాసే హక్కు మొన్న సంపాదించుకున్నాననుకుని రాస్తున్నాను. కాదంటే టీకొట్టు పొయ్యిలో పెట్టు, అక్కకి కాస్త నిప్పు కలిసొస్తుంది.

నాలుగో తారీకున హాలు నిండింది. మీ అత్తయ్య ముందు వరసలో కూచుని ఎవరి చొక్కాకో గుండీలు కుడుతోంది. ఆమెకి కచేరీలో చేతులు ఊరికే ఉండవు. నేను మొదలుపెట్టాను. దాచడం ఎందుకు, పాతదే మొదలుపెట్టాను. వేళ్ళు అలవాటు పడ్డ గుర్రాల్లా వాటంతట అవే పోతున్నాయి. పోనిచ్చాను. ఒకచోట పైకి పోవాలి, ఎప్పుడూ పోయేదే. పోలేదు. వేలు పక్కకి జరిపాను. కావాలనే.

ఇక అంతే. ఏమీ లేదు. ముందు లేదు, వెనక్కి దారి లేదు. పంకా తిరిగే శబ్దం. నా చెవిలోపల రక్తం తిరిగే శబ్దం. ఏ స్వరమూ వచ్చి చెయ్యి పట్టుకోలేదు. ముప్పై ఏళ్ళుగా అందరికీ చెప్పిన కథ అది, నాకే జరగలేదు. మీ అత్తయ్య సూది గాల్లో ఆగిపోయింది. ఆమె మొహం చూశాను. ఆ మొహంలో ఏ గుర్తూ లేదు, ఏం చెయ్యాలో ఆమెకీ తెలియదు.

అప్పుడు నీ బొటనవేలు గుర్తొచ్చింది.

పైకి చూడడం మానేశాను. కింది స్వరాన్ని వేలితో తడిమాను. ఉందో లేదో చూసి, కొంచెం బరువు పెట్టాను. తరవాత దానికింద ఇంకొకటి. రెండుచోట్ల జారాను, ముందు వరస పెద్దాయన దగ్గాడు. దగ్గనీ. ఒక్కొక్క స్వరం మీద అంతసేపు ఎప్పుడూ నిలబడలేదు. ఏది ఎంత చల్లగా ఉందో, ఎంత గరుకుగా ఉందో మొదటిసారి తెలిసింది. హాలు లేదు, మూడొందల మంది లేరు, మంచులో నేనొక్కణ్ణే దిగుతున్నాను. షడ్జం మీద కాలు పెట్టాక కూడా అది షడ్జమని నమ్మలేదు, కమాను లాగుతూనే ఉన్నాను. ఆరోహణ ముప్పై ఏళ్ళు వాయించాను తల్లీ. అవరోహణ మొన్ననే విన్నాను.

చప్పట్లు పలచగా వినపడ్డాయి. ఎప్పుడూ వచ్చే అద్దాల కొట్టాయన వేదిక వెనక్కొచ్చి, "ఏమిటి మాస్టారూ, ఇవాళ ఆగినచోట మునుపటి రక్తి లేదు. పూర్వం దారి తప్పితే చూడముచ్చటగా ఉండేది" అన్నాడు. నేను, మీ అత్తయ్య ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుని నవ్వలేక చచ్చాం.

ఇంటికొచ్చే దారిలో మీ అత్తయ్య ఆ చొక్కా మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది. చివరికి, "అది నేను రాసుకోలేదు" అంది. "రాయనా?" అని అడిగింది. వద్దన్నాను.

నన్ను క్షమించమని అడగను. నీ గంటసేపు నేను తిరిగి ఇవ్వలేను. తాడు కట్టుకోమని మాత్రం అడుగుతాను, ఇది వేళాకోళం కాదు. నమ్మడం నీ ఇష్టం.

దిగొచ్చిన
మామయ్య

*

మే 10

మామయ్యకి,

నీ ఉత్తరం రాకముందే నాకు తెలుసు.

నాలుగో తారీకున హాలు తలుపు పక్కన నిలబడి ఉన్నాను. కుర్చీ దొరకలేదు. చెప్పకుండా వచ్చాను, చెప్పకుండానే వెళ్ళిపోయాను. నీ మొహం దగ్గరగా చూస్తే నవ్వొచ్చి కోపం పోతుందని భయం. తలుపు గడియమీద సుద్ద అంటి ఉంటుంది, అత్తయ్య చూసే ఉంటుంది. నీకు చెప్పలేదంటే ఆవిడా నీ దగ్గర బాగానే నేర్చుకుంది.

అబద్ధమాడితే పట్టుకుందామనే వచ్చాను. పుస్తకం తెరిచి, వేలు పెట్టుకుని విన్నాను. ఎనిమిది పేజీలు అక్షరం తప్పకుండా వాయించావు. పళ్ళు కొరుక్కున్నాను. తొమ్మిదో పేజీలో, "చేతి పొడవు ఇరవై రెండు" దగ్గర, ఆగావు. పుస్తకంలో వెతికాను. అక్కడ గుండీ లేదు. కత్తెర లేదు. తలెత్తి నిన్ను చూశాను.

నీ తల కదలలేదు మామయ్యా. రాయిలా ఉంది. కళ్ళు పూర్తిగా తెరుచుకుని ఉన్నాయి. నల్లపలక మీద నా మొహం కూడా అలాగే ఉండి ఉంటుంది. నువ్వు దిగుతున్నంతసేపూ తలుపు పట్టుకుని నిలబడ్డాను, నా కాలి వేళ్ళు బూట్లలో ముడుచుకుంటూనే ఉన్నాయి.

అవతలి లోయకి పోయి తాడు తెచ్చుకున్నాను. ఈ ఏడంతా తాడుతోనే ఎక్కుతాను, ఒక్కొక్క అంచూ పేరు పెట్టి పిలిచేదాకా. పుస్తకం తిరిగి ఇవ్వను. వెనక ఖాళీ పేజీల్లో నల్లపలకని రాసుకుంటున్నాను, అత్తయ్య గుర్తులతోనే. నలభై అడుగుల దగ్గర ఒక గుండీ గీశాను.

పక్కన ఒక ముక్క కూడా రాసుకున్నాను: ఇక్కడ తల ఊపకూడదు.

నీ బల్లి